టికెట్టు ముందా, చెమట ముందా

(కాకుమానులో డ్రిల్లు మాస్టారి స్మారక సభలో చేసిన ఉపన్యాసం)



వ్యాయామం గురించి మాట్లాడమని నిర్వాహకులు పిలిచినప్పుడు, దాంతో పాటు బస్సు గురించి కూడా మాట్లాడతానన్నాను. రెంటికీ ఏమిటి సంబంధమని వారు అడగలేదు. మాస్టారిని దగ్గరగా ఎరిగినవారు గనక అడగాల్సిన పని పడలేదనుకుంటాను. ఆయన్ను చూడని పిల్లల కోసం మాత్రం ఢిల్లీ నుంచి మొదలుపెడతాను.

2020 ఫిబ్రవరిలో ఢిల్లీ ఆనంద్ విహార్ రైల్వే స్టేషనులో ఒక యంత్రం పెట్టారు. దాని ముందు నిలబడి 180 సెకన్లలో 30 గుంజీలు తీస్తే ప్లాట్‌ఫారం టికెట్టు ఉచితం. మనిషి కూర్చుని లేచినప్పుడల్లా ఎదుట తెర మీద ఒక్కో అంకె పెరుగుతుంది. అప్పటి రైల్వే మంత్రి పీయూష్ గోయల్ ఆ వీడియోను స్వయంగా జనంలోకి వదిలారు. ధ్యాన్‌చంద్ పుట్టినరోజైన ఆగస్టు 29న, 2019లో, ప్రధాని ప్రారంభించిన ఫిట్ ఇండియా ఉద్యమానికి ఇది కొనసాగింపు అన్నారు. సామాను పట్టుకున్నవాళ్లు, చీర కొంగు బిగించినవాళ్లు, తాతతో పందెం వేసుకున్న మనవళ్లు ఆ యంత్రం ముందు నిలబడ్డారు. నెల తిరిగేసరికి కరోనా వచ్చి ప్రయాణికుల రైళ్లే ఆగిపోయాయి.

ఈ ఆలోచన ఢిల్లీలో పుట్టింది కాదు. 2013 నవంబరులో మాస్కో మెట్రోలో ఇలాంటి యంత్రమే పెట్టారు. మరుసటి ఏడాది సోచిలో జరగబోయే శీతాకాల ఒలింపిక్స్ వైపు జనాన్ని మళ్లించడానికి రష్యా ఒలింపిక్ కమిటీ చేసిన పని అది. రెండు నిమిషాల్లో 30 గుంజీలు తీస్తే 30 రూబుళ్ల టికెట్టు చేతికొచ్చేది. తర్వాత మెక్సికో నగరంలో 10 గుంజీలకే టికెట్టు ఇచ్చారు. రుమేనియాలోని క్లూజ్ నగరంలో 20 గుంజీలకు బస్సు టికెట్టు ఇచ్చారు. ఊరూరికీ లెక్క మారింది గానీ బేరం ఒక్కటే. ముందు నువ్వు చెమట పట్టించు, తర్వాత నేను టికెట్టు ఇస్తాను.

ఈ ఆలోచనను నేను కొట్టిపారేయను. బజారులో పదిమంది చూస్తుండగా ఒక పెద్దావిడ నవ్వుతూ గుంజీలు తీసిందంటే అది చిన్న సంగతి కాదు. మన దగ్గర గుంజీలంటే వినాయక చవితి నాడు దేవుడి ముందు, మిగతా రోజుల్లో బడిలో మాస్టారి ముందు. చెవులు పట్టుకుని తీసేది. బస్సు ఆలస్యమై రెండో గంటకు బడికొచ్చిన పిల్లవాడు తరగతి గుమ్మంలో గుంజీలు తీయడం ఈ సభలో చాలామంది ఎరిగిందే. శిక్షగా చేసిన పనికి గౌరవం దక్కడం మంచిదే. పైగా తాలింఖానాల్లో పహిల్వాన్లు దండీలతో పాటు బస్కీలని తీసేవి కూడా ఇంచుమించు ఇవే. శరీరానికి ఇంతకంటే చవకైన, ఇంతకంటే పాత కసరత్తు లేదు.

అయితే ఢిల్లీ యంత్రం ఇచ్చిన టికెట్టును కాస్త దగ్గరగా చూడండి. అది ప్లాట్‌ఫారం టికెట్టు. పది రూపాయల విలువ. రైలెక్కే మనిషిని సాగనంపడానికి లోపలికి వెళ్లేవాడు కొనేది. ముప్పై గుంజీలు తీసిన మనిషి ప్లాట్‌ఫారం దాకా వెళ్తాడు, రైలు మాత్రం ఎక్కలేడు. ఇక మోకాళ్లు అరిగినవాళ్లు, నిండు చూలాళ్లు, కాలు సరిగా లేనివాళ్లు, పొద్దుటి నుంచి మూటలు మోసి వచ్చిన హమాలీ ఆ పది రూపాయలు చెల్లించాల్సిందే. ఓపిక మిగిలినవాడికి టికెట్టు మిగిలింది. ఓపిక అయిపోయినవాడు డబ్బు కట్టాడు. నా అభ్యంతరమంతా ఇక్కడే.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. కాకుమానుకు రైలు లేదు. రైలెక్కాలంటే బాపట్లకో, నిడుబ్రోలుకో పోవాలి. పొన్నూరు, బాపట్ల, పెదనందిపాడు వైపు వెళ్లే బస్సులూ ఆటోలే మనకు ఆధారం. మండలంలోని చిన్న ఊళ్ల నుంచి ఇక్కడి హైస్కూలుకు రావడమే ఒక ప్రయాణం. వానలు పట్టి నల్లమడ పొంగితే, రేగడి మట్టి కాలికి పట్టుకుని వదలకపోతే, ఆ కాస్త దూరం ఎంత పెరుగుతుందో ఇక్కడివాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. నాట్లు వేసి, మిరపకాయ కోసి, సాయంత్రం ఆటోలో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని ఇల్లు చేరే ఆడవాళ్లను నిలబెట్టి, అమ్మా, ముప్పై గుంజీలు తీస్తే టికెట్టు ఉచితం అనగల మనిషి ఈ ఊళ్లో ఎవరైనా ఉన్నారా? వాళ్ల నడుములు పొద్దున ఏడింటికే ఆ లెక్క దాటాయి.

అలాగని పల్లెటూళ్లో ఉన్నాం గనక మనకు వ్యాయామం అక్కర్లేదని నేను అనడం లేదు. ఆ రోజులు పోయాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు ఒంటికి పని పెట్టమంటుంది. వడివడిగా నడిచినా చాలు. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం, 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మంది, సరిగ్గా చెప్పాలంటే 49.4 శాతం, ఆ మేరకైనా కదలడం లేదు. మగవాళ్లలో 42 శాతం, ఆడవాళ్లలో 57 శాతం. దేశంలో 10.1 కోట్ల మందికి చక్కెర వ్యాధి ఉందని 2023లో భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం చెప్పింది. మన వీధుల్లోకి చూస్తే ఈ అంకెలు కళ్ల ముందే కనిపిస్తాయి. వరి కోయడానికి మిషను వచ్చింది. పొలానికి మోటారు సైకిలు వెళ్తుంది. కూడలిలో టీ తాగడానికి కూడా బండి తీసే కుర్రాళ్లున్నారు. ఒకే ఇంట్లో తల్లికి వంగి వంగి నడుము పట్టేస్తుంటే, కొడుకు పాతికేళ్లకే పొట్ట వేసుకుని మాత్రలు మింగుతున్నాడు. కష్టం ఒకరి మీదే పడింది. ఆట ఎవరికీ లేకుండా పోయింది.

కదలికకూ గుండెకూ ఉన్న సంబంధం మొదట లెక్కకు దొరికింది ఎక్కడో కాదు, బస్సులోనే. లండన్‌లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు తన బృందంతో కలిసి నగర రవాణా ఉద్యోగుల ఆరోగ్యాన్ని పరిశీలించి, 1953లో లాన్సెట్ పత్రికలో ప్రచురించాడు. అవి రెండంతస్తుల బస్సుల రోజులు. డ్రైవరు పొద్దస్తమానం సీటు వదలడు. కండక్టరు టికెట్లు కొడుతూ పైకీ కిందికీ రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కుతాడు. ఇద్దరిదీ ఒకే సంస్థ, ఒకే బస్సు, దాదాపు ఒకే బతుకు. డ్రైవర్ల కంటే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చింది. వచ్చినా పెద్ద వయసులో వచ్చింది, అంత ప్రమాదకరంగా రాలేదు. మూడేళ్ల తర్వాత మోరిస్ బృందం ఇంకో పని చేసింది. ఆ ఉద్యోగులకు కుట్టించే యూనిఫారాల కొలతలు తెప్పించి చూసింది. డ్రైవర్ల ప్యాంట్లకు నడుము దగ్గర గుడ్డ ఎక్కువ పట్టేది. గొప్ప పరిశోధన అంటే ఖరీదైన యంత్రాలతోనే జరుగుతుందనుకునే పిల్లలు ఈ ముక్క గుర్తుంచుకోవాలి. దర్జీ దగ్గరి కొలతల పుస్తకంలో కూడా వైద్యశాస్త్రం ఉంది, చూసే కన్ను ఉంటే. మోరిస్ తను చెప్పింది తానే పాటించి 99 ఏళ్లు బతికాడు.

మన ఊళ్లకొచ్చే పల్లెవెలుగు బస్సుకు రెండో అంతస్తు లేదు. కానీ పండగ ముందు రోజు బాపట్ల బస్సులో, ముందు తలుపు నుంచి వెనక సీటు దాకా జనంలో ఈదుకుంటూ టికెట్లు కొట్టే మన ఆర్టీసీ కండక్టరును చూస్తే మోరిస్ సంతోషించి ఉండేవాడు.

కండక్టరుకు ఎవరూ మెట్టుకింత అని లెక్కగట్టి ఇవ్వలేదు. అతను చేసే పనిలోనే నడక ఉంది. బహుమతి ఆశ చూపితే మనుషులు ఎంతవరకు నడుస్తారో చూద్దామని అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు ఒక ప్రయోగం చేసి 2016లో ఫలితాలు చెప్పారు. బరువు ఎక్కువున్న 281 మంది ఉద్యోగులు. రోజుకు 7,000 అడుగులు నడవాలి. 13 వారాలు. ఒక గుంపుకు ఏమీ ఇవ్వలేదు. వాళ్లు మూడు రోజులకొక రోజు కూడా సరిగా గురి అందుకోలేదు, 30 శాతం రోజులు. ఇంకో గుంపుకు గురి అందుకున్న రోజుకు 1.40 డాలర్లు ఇచ్చారు. ఫలితం 35 శాతం. లాటరీ పెట్టిన గుంపుది 36. నాలుగో గుంపుకు మాత్రం నెల మొదట్లోనే 42 డాలర్లు వాళ్ల పేరున జమ వేసేసి, నడవని రోజుకు 1.40 చొప్పున తీసేస్తామన్నారు. వాళ్లు 45 శాతం రోజులు నడిచారు. డబ్బు అంతే. ముందు ఇచ్చారా, తర్వాత ఇస్తామన్నారా అన్నదే తేడా. తనదైపోయినదాన్ని పోగొట్టుకోవడానికి మనిషి ఇష్టపడడు.

ఈ ప్రయోగంలో జరిమానా బెదిరింపు ఉంది, అది నాకు నచ్చదు. అయినా ముందు ఇవ్వడంలోని బలం అందులో కనిపిస్తోంది. బెదిరింపు లేకుండా, షరతు లేకుండా ముందు ఇస్తే ఏమవుతుంది? దానికి ఇంగ్లండులో జవాబుంది. అక్కడ 60 ఏళ్లు దాటినవారికి 2006 నుంచి తమ ప్రాంతంలోనూ, 2008 నుంచి దేశమంతటా ఊరి బస్సులు ఉచితం చేశారు, రద్దీ లేని వేళల్లో. ఉచితంగా బస్సెక్కిస్తే ముసలివాళ్లు నడక మానేస్తారు కదా అన్న అనుమానం అక్కడా వచ్చింది. లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు వేలమంది ప్రయాణాల వివరాలు తీసి చూసి 2012లో చెప్పిన మాట దీనికి సరిగ్గా వ్యతిరేకం. పాసున్నవాళ్లే ఎక్కువ నడుస్తున్నారు. కారణం పెద్ద రహస్యం కాదు. బస్సు ఇంటి గుమ్మంలోకి రాదు. స్టాపు దాకా నడవాలి, దిగాక నడవాలి. సొంత బండి అయితే గుమ్మంలో ఎక్కి గుమ్మంలో దిగుతాం. అమెరికాలో బస్సు, రైలు వాడేవారు వాటి కోసమే రోజుకు సుమారు 19 నిమిషాలు నడుస్తున్నారని 2005లో ఇంకో అధ్యయనం తేల్చింది. ఇల్లు కదలని ముసలాయనకు బస్సు పాసు చేతికిస్తే సంతకు వెళ్తాడు, గుడికి వెళ్తాడు, చెల్లెలిని చూసి వస్తాడు. వెళ్లిన ప్రతిచోటా నడుస్తాడు.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. వ్యాయామం చేస్తే ప్రయాణం ఉచితం అనకండి. ప్రయాణం ఉచితంగా ఇవ్వండి, వ్యాయామం దానంతటదే వస్తుంది. ముఖ్యంగా పిల్లలకు.

ఇక్కడ మాస్టారి గురించి చెప్పాలి. ఆయన డ్రిల్లు మాస్టారుగా చేరిన రోజుల్లో బడికి ఒక వాలీబాలు నెట్టు, రెండు బంతులు, ఒక ఇనప గుండు ఉండేవి. కబడ్డీకి సామాను అక్కర్లేదు గనక ఆయన కబడ్డీని ఎక్కువ ఆడించారు. కోర్టు గీతలకు సున్నం దొరక్కపోతే పొయ్యిలో బూడిద తెప్పించేవారు. బడుల మధ్య జరిగే గ్రిగ్స్ ఆటల పోటీలకు పిల్లల్ని తీసుకుని పొన్నూరో బాపట్లో వెళ్లాలంటే అసలు చిక్కు అక్కడే వచ్చేది. టికెట్టుకు డబ్బుల్లేక ఇంట్లో చెప్పలేక, కడుపునొప్పి అని అబద్ధమాడి ఆగిపోయే పిల్లలుండేవారు. ఆయనకు ఆ కడుపునొప్పి తెలుసు. ముందు రోజు సాయంత్రమే, నీ టికెట్టు నా దగ్గరుందిరా, పొద్దున్నే రా, అనేవారు. గెలిస్తే కొనిస్తాననే మాట ఆయన నోట ఎవరూ వినలేదు.

ఆయన కుమార్తె గారు ఈ మధ్య నాకొక పాత నోటు పుస్తకం చూపించారు. అట్టకు బ్రౌను పేపరు, మూలలు ఎలకలు కొరికాయి. పేజీకొక ప్రయాణం. తేదీ, ఊరు, పిల్లల పేర్లు, పోను టికెట్లకు ఇంత, రాను టికెట్లకు ఇంత, మధ్యాహ్నం ఇడ్లీలకు ఇంత. కొన్నిచోట్ల ఒక పేరు పక్కన చెప్పులు అని రాసి ఒక అంకె వేశారు. పుస్తకమంతా తిరగేశాను. ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో ఎక్కడా రాయలేదు. కప్పులు బీరువాలో ఉన్నాయి, వాటి మీద పేర్లున్నాయి, అది వేరు. తన జీతంలోంచి పెట్టిన ఖర్చు పుస్తకంలో మాత్రం ఫలితానికి గడి లేదు.

ఒక మనిషి జీతం మీద నడిచిన ఆ ఏర్పాటును ప్రభుత్వం తన ఏర్పాటుగా చేసుకుంటే ఎలా ఉంటుందో చూడాలంటే బీహారు వెళ్లాలి. 2006లో అక్కడ తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి డబ్బు ఇచ్చారు. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు ఆ పథకాన్ని లెక్కగట్టి చూస్తే హైస్కూలులో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారు. హైస్కూలు దూరంగా ఉన్న ఊళ్లలోనే ఎక్కువ ఫలితం కనిపించింది. సైకిలు చదువు కోసమని ఇచ్చారు. కానీ తొక్కింది కాళ్లే కదా. రోజూ పోను రాను కిలోమీటర్లు తొక్కిన పిల్లకు వేరే వ్యాయామ పాఠం ఎందుకు? గుంపుగా సైకిళ్ల మీద వెళ్లే ఆడపిల్లలకు రోడ్డు మీద ఒక ధైర్యం వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ బడికొస్తా పేరుతో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు. ఇవ్వాల్సిన సమయంలో, హైస్కూలు చదువు మొదట్లోనే ఇవ్వడం ఆ పథకాల్లోని తెలివి. పరీక్ష పాసైతే ఇస్తామంటే అందులో సగం మంది పరీక్ష దాకా వచ్చేవారే కాదు.

మనకు దగ్గరలోనే ఉన్న ఇంకో ఊరు సంగతి చెప్పకుండా ఈ విషయం పూర్తికాదు. బాపట్ల పక్కన స్టూవర్టుపురం. 1913లో, నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి, సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో అక్కడ ఉంచారు. అలాంటి సెటిల్‌మెంట్లలో మనిషి అనుమతి చీటీ లేకుండా పొలిమేర దాటకూడదు, హాజరు వేయించుకోవాలి. పుట్టుకే నేరమైన ఆ చట్టం దేశమంతటా 1952లో గానీ రద్దు కాలేదు. ఆ ఊరి పేరు చెబితే జనం ఏమనుకునేవారో మన పెద్దలకు తెలుసు. ఆ ఊళ్లో పుట్టిన రాగాల వెంకట్ రాహుల్ 2018లో ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో స్నాచ్‌లో 151, క్లీన్ అండ్ జెర్క్‌లో 187, మొత్తం 338 కిలోలెత్తి బంగారు పతకం తెచ్చాడు. అంతకుముందు 2014 నాన్‌జింగ్ యువ ఒలింపిక్స్‌లో వెండి పతకం. అతని బలం ఊళ్లోనే పుట్టింది. అది పతకంగా మారడానికి మాత్రం హైదరాబాదు దగ్గరి హకీంపేట క్రీడా పాఠశాల దాకా ప్రయాణం చేయాల్సి వచ్చింది. తాతలకు పొలిమేర దాటే హక్కు లేని చోట మనవడు సముద్రాలు దాటాడు. నాకు ఈ కథలో పతకం కంటే ఆ ప్రయాణమే పెద్దదిగా కనిపిస్తుంది. హకీంపేట దాకా వెళ్లలేక ఆగిపోయిన పిల్లలు ఆ ఊళ్లోనూ, మన ఊళ్లోనూ ఎందరున్నారో ఏ రికార్డులోనూ ఉండదు.

ఇప్పుడు పరిస్థితి కొంత మారింది, అది ఒప్పుకోవాలి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో మన ఆడవాళ్లు, ఆడపిల్లలు, ట్రాన్స్‌జెండర్లు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితంగా వెళ్తున్నారు. ఆధార్ చూపిస్తే జీరో టికెట్టు. కర్ణాటకలో 2023 జూన్ నుంచి, తెలంగాణలో అదే ఏడాది డిసెంబరు 9 నుంచి ఇలాంటిది నడుస్తోంది. దీనివల్ల మహిళలు ఊరికే తిరుగుతున్నారని విసుక్కునేవారున్నారు. తిరగనివ్వండి. నూటికి 57 మంది ఆడవాళ్లు చాలినంత కదలడం లేదని లెక్కలు మొత్తుకుంటున్న దేశంలో, ఇంట్లోంచి బయటపడి స్టాపు దాకా నడిచి, బస్సెక్కి, దిగి, మళ్లీ నడిచే ఆడమనిషిని చూసి విసుక్కోవడమేమిటి? ఈ మండలం నుంచి ఖోఖో ఆడే పిల్ల ఇవాళ గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియానికి సెలక్షన్లకు వెళ్లాలంటే టికెట్టు గురించి ఇంట్లో పేచీ లేదు. తోడు వెళ్లే తల్లికీ టికెట్టు లేదు. నా దృష్టిలో క్రీడల కోసం పెట్టిన ఎన్నో పథకాల కంటే ఇది పెద్ద క్రీడా పథకం, ఎవరూ దాన్ని అలా పిలవకపోయినా.

మిగిలింది మగపిల్లలు. ఆర్టీసీ ఉచిత విద్యార్థి పాసు మగపిల్లలకు 12 ఏళ్ల వరకే. ఆడపిల్లలకు పదో తరగతి దాకా ఉంది. పన్నెండు దాటిన కుర్రాడు రాయితీ పాసు కొనుక్కోవాలి. ఆ పాసు ఇంటి నుంచి బడికి, బడి నుంచి ఇంటికి, ఆ దారిలోనే చెల్లుతుంది. ఆటస్థలం ఆ దారిలో లేకపోతే చెల్లదు. పన్నెండు, పదమూడేళ్లంటే కుర్రాడి ఒళ్లు గట్టిపడే వయసు. ఆటలో పడితే ఆ వయసులోనే పడాలి. సరిగ్గా అప్పుడే మనం వాడి చేతిలోంచి పాసు లాక్కుంటున్నాం. కూలి చేసుకునే ఇంట్లో, చెల్లెలు ఉచితంగా వెళ్తుంటే అన్న ఆట మానేస్తాడు. తర్వాత వాడు ఏ బండి మీద, ఎవరి వెనక కూర్చుని తిరుగుతాడో, ఆ బండికి కిస్తీ ఎవరు కడతారో మీకు తెలుసు.

అందుకని నేను కోరేది చిన్నది. మండలంలో ఏ బడి వ్యాయామ ఉపాధ్యాయుడి (పీఈటీ) దగ్గరైనా రోజూ ఆటకు వస్తానని పేరు నమోదు చేసుకున్న పిల్లవాడికి, పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా, ఇంటి నుంచి మైదానానికి ఉచిత పాసు ఇవ్వాలి. బాపట్లలో ఆడతాడా, పొన్నూరులోనా, తెనాలిలోనా అన్నది వాడిష్టం. పాసు చేతికొచ్చాకే ఆట మొదలు కావాలి. వరసగా ఇన్ని రోజులు వస్తేనే అని, జిల్లా స్థాయిలో ఆడితేనే అని, పతకం తెస్తేనే అని షరతు పెట్టకూడదు. అలాంటి షరతు పెట్టిన రోజునే పాసు మొత్తం ఇప్పటికే ఆటలో ఉన్నవాడి జేబులోకి పోతుంది. పరుగులో చివర వచ్చేవాడికే దాని అవసరం ఎక్కువ.

ఖర్చు గురించి అడిగేవారికి ఒక మాట. ఆ బస్సు ఎలాగూ నడుస్తోంది. సాయంత్రం ఊళ్లోకి తిరిగొచ్చే పల్లెవెలుగులో సీట్లు ఖాళీగానే ఉంటాయి. డీజిలు పిల్లవాడి కోసం అదనంగా కాలదు. అరవై దాటినవారికి ఆర్టీసీ 25 శాతం రాయితీ ఇస్తోంది, దాన్ని కూడా ఇంగ్లండులో లాగా పూర్తి ఉచితం చేయగలిగితే మంచిదే, కానీ దానికి పెద్ద లెక్క కావాలి. పిల్లల పాసుకు అంత లెక్క అక్కర్లేదు.

అయితే పాసు ఒక్కటే చాలదు, ఇది మాస్టారి నోటి నుంచే నేను విన్నాను. ఆయన దగ్గర ఆడిన ఒక కుర్రాడు, కాళ్లలో స్ప్రింగులున్నట్టు కూతకెళ్లేవాడు, రెండేళ్లకే ఆట మానేశాడు. కారణం టికెట్టు కాదు, వేళ. ఆట అయిపోయేసరికి ఆఖరి బస్సు వెళ్లిపోయేది. చీకట్లో నడిచి వెళ్లడానికి తల్లి ఒప్పుకోలేదు. ఉచిత పాసు జేబులో పెట్టుకుని కాలవ గట్టున నిలబడ్డ పిల్లవాడికి ఆ పాసు ఎందుకు? ఆట ఎప్పుడు ముగుస్తుందో బస్సుకు తెలియాలి. ఇది డబ్బుతో పని లేని విషయం. సాయంత్రం ట్రిప్పును అరగంటో ముప్పావుగంటో ఆలస్యంగా నడిపితే చాలు. రోడ్డు పక్కన నడవడానికి ఒక మనిషి పట్టేంత గట్టు, బస్సుస్టాపు దగ్గర సైకిళ్లు పెట్టుకోవడానికి ఒక రేకుల షెడ్డు ఉంటే చిన్న ఊళ్ల పిల్లలు స్టాపు దాకా సైకిలు మీద వచ్చి, అక్కణ్నుంచి బస్సెక్కుతారు. షెడ్డు మాటను పంచాయతీ ఈ ఏడాదే ఆలోచించవచ్చు.

ట్రిప్పు వేళ మార్చడానికి డిపో మేనేజరు దగ్గరికి ఉత్త చేతులతో వెళ్తే పని కాదు. పిల్లల జాబితా కావాలి. ఏ ఊరి నుంచి ఎంతమంది, ఏ రోజుల్లో, ఎన్నింటికి ఆట అయిపోతుంది అని స్పష్టంగా ఉండాలి. దాంతో పాటు హెడ్మాస్టరు గారి ఉత్తరం, పంచాయతీ తీర్మానం ఉండాలి. ఒక్క కాకుమాను నుంచే కాకుండా కొమ్మూరు, అప్పాపురం, రేటూరు బడుల నుంచి కూడా కలిపి పంపితే బరువుంటుంది. పీఈటీలు ఆ జాబితా ఈ నెలలో రాయగలిగితే, బాపట్ల, పొన్నూరు డిపోలకు ఒకేసారి ఇద్దాం. తీసుకువెళ్లేవాళ్లలో నేనూ ఉంటాను. మగపిల్లల పాసు సంగతి డిపో చేతిలో లేదు, అది ప్రభుత్వం తేల్చాలి. దాని అర్జీ వేరుగా రాసి మన శాసనసభ్యుల ద్వారా పంపుదాం. అందులో అడిగేది రెండే మాటలు. వయసు పన్నెండు నుంచి పద్దెనిమిదికి పెంచండి, బడి దారితో పాటు మైదానం దారి కూడా చేర్చండి.